రొయ్యల గుంట నుంచి డాక్టరేట్ దాకా

రాజనీతిశాస్త్రం, అంతర్జాతీయ వ్యవహారాల్లో పీహెచ్‌డీ అంటే ఢిల్లీ చదువు అనుకుంటాం. ఆ చదువుకు కావలసినంత సరుకు నెల్లూరు తీరంలోనే ఉంది. అర్హతలేమిటి? ఏళ్లెన్ని పడుతుంది? ఖర్చు ఎట్లా గడుస్తుంది? ఏ నోటిఫికేషన్‌లోనూ కనిపించని అసలు అర్హత ఏది?

1998 అక్టోబరు 12న జెనీవాలో ప్రపంచ వాణిజ్య సంస్థ అప్పీళ్ల విభాగం ఒక నివేదిక వెలువరించింది. తగవులో ఒకవైపు భారత్, మలేసియా, పాకిస్తాన్, థాయిలాండ్ ఉన్నాయి. రెండోవైపు అమెరికా. రొయ్యల కోసం వేసే ట్రాలు వలల్లో సముద్రపు తాబేళ్లు చిక్కి చస్తున్నాయనీ, అవి తప్పించుకుపోయే దారి వలకు అమర్చని దేశాల రొయ్యలు కొనబోమనీ అమెరికా పట్టుబట్టింది. మీ చట్టం మా సముద్రంలో ఎట్లా చెల్లుతుందని ఆసియా దేశాలు అడిగాయి. తాబేలును కాపాడాలన్న ఉద్దేశం సబబే గాని, అమలు చేసిన తీరులో దేశానికో న్యాయం కనిపిస్తోందని అప్పీళ్ల విభాగం తేల్చింది. అంతర్జాతీయ సంబంధాలు, వాణిజ్య న్యాయం చదివే విద్యార్థులకు ఇప్పుడది పాఠ్యాంశం.

ఆ పాఠంలోని రొయ్యా తాబేలూ నెల్లూరు తీరానికి కొత్తవి కావు. గుడ్లు పెట్టడానికి ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఎక్కే ఇసుక మన దగ్గరా ఉంది. తీర మండలాల్లో రొయ్యల గుంటలకు కొదవలేదు. భారత రొయ్యకు అతిపెద్ద గిరాకీ అమెరికాది. 2025 ఆగస్టు 27 నుంచి మన సరుకుపై అమెరికా సుంకం 50 శాతానికి చేరినప్పుడు, గట్టు మీద నిలబడి కౌంటుకు ఎంత పలుకుతుందని అడిగే రైతుకు వాషింగ్టన్ వార్త కూడా అవసరమైంది. కృష్ణపట్నం రేవులో ఓడ ఆగినా, పులికాట్ దాటి వచ్చిన పొరుగు రాష్ట్రం బోటు మన వలలు తెంపినా, శ్రీహరికోటలో విదేశీ ఉపగ్రహంతో రాకెట్ లేచినా అందులో రాజ్యం ఉంది, ఒప్పందం ఉంది, అధికారం ఎవరిదన్న ప్రశ్న ఉంది. రాజనీతిశాస్త్రం తేల్చాల్సినవి ఇవే.

ఎం.ఏ. పూర్తిచేసి, డాక్టరేట్ చేద్దామా అని ఆలోచించే పిల్లలు మన డిగ్రీ కాలేజీల నుంచి ఏటా బయటికి వస్తూనే ఉన్నారు. వాళ్లు ముందు అడిగేది శాతాలు, సీట్లు, గైడు. అవి తెలుసుకోవలసినవే. వాటితోపాటు నిబంధనల పుస్తకం రాయని అర్హత ఒకటుంది. దాన్ని ఈ జిల్లాలోనే పుట్టిన ఒక పెద్దాయన పుస్తకాల్లో చూడవచ్చు.

పురిణి పెద్దాయన పట్టిన దారి

మామిడిపూడి వేంకటరంగయ్య 1889లో నెల్లూరు జిల్లా పురిణిలో పుట్టారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనూ, తర్వాత బొంబాయి విశ్వవిద్యాలయంలోనూ ఆచార్యులుగా పనిచేశారు. 1968లో పద్మభూషణ్ అందుకున్నారు. ఆంధ్రప్రదేశ్ స్వాతంత్ర్య పోరాట చరిత్ర సంపుటాలకు సంపాదకత్వం వహించారు. తొంభై దాటిన వయసులో 1982లో కన్నుమూశారు. తెలుగునాట రాజనీతిశాస్త్రానికి పునాది వేసిన తరంలో ఆయనది ముందు వరస.

ఆయన ఎంచుకున్న విషయాలు గమనించండి. 1939లో వచ్చిన పుస్తకం మద్రాసు రాష్ట్రంలో స్థానిక బోర్డుల ఎదుగుదల గురించి. అంటే రోడ్లూ బడులూ చూసుకునే జిల్లా, తాలూకా బోర్డుల గురించి. దేశమంతటా తొలి సార్వత్రిక ఎన్నికలు ముగిశాక 1953లో మరో పుస్తకం వచ్చింది. అందులో ఆయన దేశం మొత్తాన్నీ తలకెత్తుకోలేదు. బొంబాయి నగరం ఒక్కదాన్ని పట్టుకుని, అక్కడ ఎన్నిక ఎట్లా జరిగిందో పరిశీలించారు. మన దేశంలో ఎన్నికల అధ్యయనాలకు అది తొలి అడుగుల్లో ఒకటి. చోటు చిన్నది, అడిగిన విషయం పెద్దది. ప్రజాస్వామ్యం కొత్తగా వచ్చిన చోట జనం దాన్ని ఎట్లా వాడుకుంటారన్నది ఏ దేశానికైనా పనికొచ్చే విచారణ.

ఇప్పటి థీసిస్‌లు చాలావాటి పేర్లు చూస్తే చిన్న చోటు కనిపిస్తుంది గాని పెద్ద విషయం కనిపించదు. ముందు ఒక పథకం పేరు, పక్కన రెండు చుక్కలు, ఆ తర్వాత ఫలానా జిల్లా అధ్యయనం. జిల్లా పేరు చేర్చినంత మాత్రాన పరిశోధన కాదు. ఆ జిల్లాలోనే ఎందుకు అడగాలో, అక్కడ దొరికిన జవాబు మరెవరికి పనికొస్తుందో చెప్పగలిగితేనే పరిశోధన. డాక్టరేట్‌కు రాయని అర్హత ఇదే. ఇది చేతిలో ఉంటే మిగతావన్నీ మెట్లు. లేకపోతే అవే గోడలు.

గుమ్మం దాటాలంటే

దేశంలోని విశ్వవిద్యాలయాల పీహెచ్‌డీలకు ఇప్పుడు ఆధారం 2022 నవంబరు 7న యూజీసీ నోటిఫై చేసిన నిబంధనలు. మూడేళ్ల డిగ్రీ తర్వాత రెండేళ్ల పీజీ చేసినవాళ్లకు 55 శాతం మార్కులుండాలి. నాలుగేళ్ల డిగ్రీ చేసి 75 శాతం తెచ్చుకుంటే పీజీ లేకుండానే నేరుగా దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఎస్సీ, ఎస్టీ, క్రీమీలేయర్‌లోకి రాని ఓబీసీ, దివ్యాంగ, ఈడబ్ల్యూఎస్ అభ్యర్థులకు 5 శాతం సడలింపు ఉంది. ఇదివరకు మధ్యలో ఉండే ఎం.ఫిల్. మెట్టును తీసేశారు. ఉద్యోగం చేసుకుంటూ పార్ట్‌టైమ్‌గానూ చేయవచ్చు. పనిచేసే సంస్థ నుంచి అభ్యంతరం లేదన్న పత్రం తేవాలి.

ప్రవేశానికి ముఖ్యంగా రెండు దారులు. ఒకటి జాతీయ అర్హత పరీక్ష నెట్. రెండోది ప్రవేశ పరీక్ష. మన రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు ఉమ్మడిగా జరిగేది ఆర్‌సెట్. ప్రవేశ పరీక్షలో సగం ప్రశ్నలు పరిశోధన పద్ధతుల మీద, సగం సబ్జెక్టు మీద ఉంటాయి. అర్హతకు 50 శాతం రావాలి. ఆ తర్వాత పరీక్షకు 70, ఇంటర్వ్యూకు 30 పాళ్లుగా లెక్కగట్టి సీటిస్తారు.

నెట్ రాసేవాళ్లు 2024 జూన్ నుంచి వచ్చిన మార్పు గమనించాలి. ఫలితాలు మూడు వర్గాలుగా వస్తాయి. మొదటి వర్గానికి జేఆర్ఎఫ్ అనే ఫెలోషిప్, అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హత, పీహెచ్‌డీ ప్రవేశం మూడూ ఉంటాయి. రెండో వర్గానికి ఫెలోషిప్ ఉండదు, మిగతా రెండూ ఉంటాయి. మూడో వర్గానికి పీహెచ్‌డీ ప్రవేశం ఒక్కటే. చివరి రెండు వర్గాల్లో పీహెచ్‌డీ ప్రవేశానికి స్కోరు ఏడాది మాత్రమే చెల్లుతుంది. కాబట్టి ఫలితం రాగానే దరఖాస్తుల వేట మొదలుపెట్టాలి.

ఇంకో సంగతి చాలామంది దృష్టికి రాదు. నెట్‌లో రాజనీతిశాస్త్రం వేరు, అంతర్జాతీయ, ప్రాంతీయ అధ్యయనాలు వేరు. మొదటిది 02, రెండోది 90. రక్షణ, వ్యూహాత్మక అధ్యయనాలకు మరో సబ్జెక్టు ఉంది. సముద్ర సరిహద్దుల మీదో, ఆగ్నేయాసియాతో వ్యాపారం మీదో పనిచేయాలనుకునే విద్యార్థి ఏ పేపరు రాయాలో ముందే తేల్చుకుంటే ఆ తర్వాత చేరే విభాగమూ తేలుతుంది.

ఏ ఊరి బండి ఎక్కాలి

నెల్లూరు కాలేజీలు ఒకప్పుడు ఆంధ్ర విశ్వవిద్యాలయం కింద ఉండేవి. 1954లో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం వచ్చాక దాని పరిధిలోకి వెళ్లాయి. 2008లో విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం పుట్టాక జిల్లాకు సొంత గూడు దొరికింది. కాకుటూరులో క్యాంపస్ ఉంది. దగ్గర కదా అని దరఖాస్తు పెట్టేముందు ఆ ఏడాది నోటిఫికేషన్‌లో మీ సబ్జెక్టుకు గైడు ఖాళీలున్నాయో లేదో చూసుకోండి. పీహెచ్‌డీలో సీటంటే తరగతి గదిలో బెంచీ కాదు, ఒక అధ్యాపకుడి దగ్గర మిగిలిన చోటు.

తిరుపతిలో రాజనీతిశాస్త్రం, ప్రభుత్వ పాలన విభాగంతో పాటు ఆగ్నేయాసియా, పసిఫిక్ అధ్యయనాల కేంద్రం ఉంది. వియత్నాం, ఇండోనేసియా, పసిఫిక్ దీవుల గురించి చదవడానికి నెల్లూరు నుంచి మూడు గంటల ప్రయాణం దూరంలో ఒక చోటుందని మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు? రొయ్యల బజారులో వియత్నాం మనకు పోటీదారు. ఆ దేశం సంగతి తెలిసిన పరిశోధకులు ఈ తీరానికి అక్కరకొస్తారు.

దక్షిణానికి రైలెక్కితే మద్రాసు విశ్వవిద్యాలయంలో రాజనీతి, రక్షణ అధ్యయనాలు, దక్షిణ, ఆగ్నేయాసియా అధ్యయనాలకు వేర్వేరు చోట్లున్నాయి. పుదుచ్చేరి కేంద్రీయ విశ్వవిద్యాలయంలో రాజనీతి, అంతర్జాతీయ అధ్యయనాలు ఒకే విభాగం కింద నడుస్తాయి. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం, ఉస్మానియా సరేసరి. అంతర్జాతీయ వ్యవహారాలకు దేశంలో పెద్దదిక్కు జేఎన్‌యూలోని అంతర్జాతీయ అధ్యయనాల పాఠశాల. అది 1955లో ఢిల్లీలోని సప్రూ హౌస్‌లో వేరే సంస్థగా మొదలై, 1970లో జేఎన్‌యూలో కలిసింది. అన్నిచోట్లా పట్టా ఒకటే. తేడా లైబ్రరీలో ఉంటుంది, తోటి పరిశోధకుల్లో ఉంటుంది, మీ అంశం మీద పనిచేసిన గైడు ఉన్నారా లేరా అన్నదాంట్లో ఉంటుంది.

ఆరేళ్ల లెక్క

పీహెచ్‌డీకి కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు. తిరిగి రిజిస్టర్ చేసుకుంటే మరో రెండేళ్లు ఇస్తారు. మహిళలకు, 40 శాతం మించి వైకల్యం ఉన్నవారికి అదనంగా ఇంకో రెండేళ్లు, అంటే మొత్తం పదేళ్ల వరకు గడువు దొరుకుతుంది. ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు 240 రోజుల దాకా తీసుకోవచ్చు. పెళ్లయి వేరే ఊరు వెళ్లాల్సివచ్చిన అమ్మాయి, నిబంధనలకు లోబడి తన పరిశోధననూ సేకరించిన సమాచారాన్నీ అక్కడి విశ్వవిద్యాలయానికి మార్చుకోవచ్చు. పెళ్లి కుదరగానే చదువు ఆపించే ఇళ్లలో ఈ నిబంధన గట్టిగా చదివి వినిపించాలి.

చేరగానే కోర్సు వర్క్. 12 నుంచి 16 క్రెడిట్లు. పరిశోధన పద్ధతులతో పాటు, పరిశోధనలో నీతి నియమాల మీద ఒక పాఠం తప్పనిసరి. ఇందులో 55 శాతం వస్తేనే ముందుకు. ఏ సబ్జెక్టు వాళ్లయినా వారానికి నాలుగు నుంచి ఆరు గంటలు బోధనలోనో పరిశోధన సహాయంలోనో పనిచేయాల్సి రావచ్చు. గైడుతో కూడిన పరిశోధన సలహా సంఘం ముందు సెమిస్టర్‌కోసారి నిలబడి, ఏం చేశారో చెప్పాలి. కొన్నిచోట్ల ఇది టీ బిస్కెట్ల తంతుగా ముగుస్తుంది. దాన్ని గట్టి విమర్శగా మార్చుకునే విద్యార్థికి చివర వైవా భయం ఉండదు.

గైడు విషయంలో లెక్కలున్నాయి. ప్రొఫెసర్ ఎనిమిది మందిని, అసోసియేట్ ప్రొఫెసర్ ఆరుగురిని, అసిస్టెంట్ ప్రొఫెసర్ నలుగురిని మాత్రమే తీసుకోగలరు. పదవీ విరమణకు మూడేళ్లలోపు ఉన్నవాళ్లు కొత్తవారిని తీసుకోకూడదు. పేరుమోసిన ప్రొఫెసర్ కోసం ఎదురుచూసేకంటే, మీ అంశం మీద ఈ మధ్యనే రాసిన యువ అధ్యాపకురాలి దగ్గర చేరడం చాలాసార్లు మేలు. ఆమె దగ్గర నలుగురే ఉంటారు, మీ అధ్యాయం చదవడానికి తీరిక దొరుకుతుంది.

2022కు ముందు థీసిస్ సమర్పించాలంటే పత్రికలో వ్యాసం అచ్చయి ఉండాలనేవారు. ఆ తప్పనిసరిని యూజీసీ ఎత్తేసింది. డబ్బు కడితే ఏదైనా వేసే పత్రికల బేరానికి అది కొంత అడ్డుకట్ట. అయితే మంచి పత్రికకు పంపి, తిరుగు టపాలో తిట్లు తిని, దిద్దుకుని మళ్లీ పంపడంలో దొరికే చదువు మరెక్కడా దొరకదు. నిబంధన పోయినా ఆ అలవాటు పోగొట్టుకోవద్దు.

విషయం వేరు, ప్రశ్న వేరు

ఈ జిల్లా నుంచే మూడు ఉదాహరణలు చూద్దాం.

మొదటిది సారా పోరాటం. 1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమం నెల్లూరు జిల్లా పల్లెలను కదిపింది. రాత్రి బడుల్లో కూర్చున్న ఆడవాళ్లు దూబగుంటలో సారా దుకాణం మీదికి వెళ్లారు. అది రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1న సారాను నిషేధించారు. 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది. 1997లో దాన్ని ఎత్తేశారు. దీని మీద కంచ ఐలయ్య అప్పుడే రాశారు, తర్వాత ఎందరో రాశారు. ఇంకా 'సారా వ్యతిరేక ఉద్యమం: నెల్లూరు జిల్లా అధ్యయనం' అని పేరు పెట్టుకుని బయల్దేరితే జరిగిన కథే మళ్లీ రాస్తాం. అదే ఇట్లా అడిగి చూడండి: ప్రభుత్వం చేత సారా మాన్పించగలిగిన ఉద్యమం, నాలుగేళ్లకే నిషేధం ఎత్తేస్తుంటే ఎందుకు ఆపలేకపోయింది? ఇప్పుడు సమాధానం వెతకాలి. పార్టీలు ఉద్యమాన్ని సొంతం చేసుకోవడం వల్లా? రాష్ట్ర ఆదాయం మద్యం మీద ఆధారపడటం వల్లా? ఊళ్లో సారా కొట్టు మూయించడానికి సరిపోయిన బలం రాజధానికి చేరకపోవడం వల్లా? వీటిలో ఏది నిజమో సాక్ష్యంతో తేల్చగలిగితే, ఉద్యమాలు గెలిచాక ఏమవుతాయన్న పెద్ద చర్చలో నెల్లూరుకు చోటు దొరుకుతుంది.

రెండోది మత్స్యకార పల్లెల పాలన. పట్టపుపాళేల్లో కుల పెద్దలు విధించే కట్టుబాటును దురాయి అంటారు. అది రాజ్యాంగంలో లేదు, అయినా ఊళ్లో నడుస్తుంది. తీరం నుంచి 12 నాటికల్ మైళ్ల లోపు చేపలవేట రాష్ట్రం చేతిలో, ఆ బయట కేంద్రం చేతిలో ఉంటుంది. వేట నిషేధ కాలం తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా. ఆంధ్రప్రదేశ్ సముద్ర చేపలవేట నియంత్రణ చట్టం 1994 నుంచి ఉంది. ఇన్ని చట్టాల మధ్య తమిళనాడు వైపు నుంచి సోనా బోట్లనే మరబోట్లు వచ్చినప్పుడు పల్లె ఏం చేస్తుంది? ఎప్పుడు పోలీసుల దగ్గరికి వెళ్తుంది, ఎప్పుడు పెద్దల దగ్గర తేల్చుకుంటుంది, ఎప్పుడు తానే నడిసముద్రంలో బోటును అడ్డగిస్తుంది? చట్టం అందని చోట అధికారం ఎట్లా పుడుతుందన్నది రాజనీతిశాస్త్రం మొదటినుంచీ అడుగుతున్నదే.

మూడోది రొయ్య. అమెరికా సుంకం పెరిగితే భారం ఎగుమతిదారు మీద ఎంత, రైతు మీద ఎంత, ప్రాసెసింగ్ ప్లాంటులో తలలు తీసే ఆడకూలీ మీద ఎంత పడింది? ఇది ఆర్థికశాస్త్రం కూడా కదా అంటారు. నిజమే. అయితే వీళ్లలో ఎవరి గోడు ఢిల్లీకి వినిపించింది, ఎవరిది వినిపించలేదు అని అడిగితే అది రాజనీతి అవుతుంది. జెనీవా తగవు నడిచిన కాలంలో తాబేలు నిబంధన సముద్రంలో పట్టిన రొయ్యకే గాని గుంటలో పెంచినదానికి వర్తించలేదు. బయటి దేశపు చట్టం మన తీరంలో ఎవరికి మేలు చేసింది, ఎవరికి కీడు చేసింది అన్నది మంచి థీసిస్‌కు సరిపడే ప్రశ్న.

సముద్రం మీద ఇద్దరు రావులు

ఇంత చిన్న చోటు నుంచి అంతర్జాతీయ వేదిక దాకా వెళ్లగలమా అని సందేహం వస్తే తెలుగువాళ్లే ఇద్దరున్నారు. పాటిబండ్ల చంద్రశేఖరరావు జర్మనీలోని హాంబర్గ్‌లో ఉన్న అంతర్జాతీయ సముద్ర న్యాయ ట్రైబ్యునల్‌లో 1996 నుంచి 2017 దాకా న్యాయమూర్తి. 1999 నుంచి 2002 వరకు దానికి అధ్యక్షులు. పెమ్మరాజు శ్రీనివాసరావు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం చదివి, అమెరికాలోని యేల్‌లో డాక్టరేట్ చేసి, ఐక్యరాజ్య సమితి అంతర్జాతీయ న్యాయ సంఘంలో సభ్యులయ్యారు. బంగాళాఖాతంలో సరిహద్దు గురించి బంగ్లాదేశ్, భారత్ మధ్య నడిచిన మధ్యవర్తిత్వంలో 2014 జూలై 7న తీర్పు వచ్చింది. ఆ ఐదుగురు మధ్యవర్తుల్లో ఆయన ఒకరు. మెజారిటీతో కొన్ని అంశాల్లో విభేదించి తన అభిప్రాయం విడిగా రాశారు.

మన ముంగిట ఉన్న సముద్రం మీద గీత ఎక్కడ గీయాలో వాదించడానికి చట్టమూ భూగోళమూ చరిత్రా కలిపి చదవాలి. ఇద్దరూ న్యాయశాస్త్రం వైపు నుంచి వచ్చారు. రాజనీతి వైపు నుంచి వెళ్లేవాళ్లకూ ఆ తలుపు తెరిచే ఉంది. 1982 నాటి సముద్ర న్యాయ ఒప్పందం, 1974, 1976ల్లో శ్రీలంకతో కుదిరిన సరిహద్దు ఒప్పందాలు చదవకుండా ఈ తీరం గురించి అంతర్జాతీయ వ్యవహారాల థీసిస్ రాయలేం.

జేబులో డబ్బు, చేతిలో నోట్‌బుక్

జేఆర్ఎఫ్ వచ్చినవారికి 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు, తర్వాతి దశలో 42,000 రూపాయలు ఇస్తున్నారు. ఇంటి అద్దె భత్యం అదనం. రానివారి పరిస్థితి వేరు. కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో నెట్ లేనివాళ్లకిచ్చే సాయం నెలకు 8,000 రూపాయలే. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో చాలామంది జూనియర్ కాలేజీలోనో కోచింగ్ సెంటర్‌లోనో పాఠాలు చెప్పుకుంటూ థీసిస్ నెట్టుకొస్తారు. సమాజశాస్త్రాల పరిశోధనకు సాయపడే ఐసీఎస్ఎస్ఆర్ ఫెలోషిప్‌లకు దరఖాస్తు పెట్టడం మర్చిపోకూడదు. ఇంట్లో వాళ్లకు ముందే చెప్పాల్సింది ఒకటుంది: ఆరేళ్లలో కనీసం రెండేళ్లు చూపించడానికి ఏమీ ఉండదు. చదువుతున్నట్టే ఉంటుంది, రాసిన పేజీ కనిపించదు. ఆ రోజులను ఓర్చుకోలేకనే చాలామంది మధ్యలో ఆపేస్తారు.

పాత కాగితాలు ఎక్కడుంటాయో తెలియడం సగం పని. మద్రాసు రాష్ట్రం కాలం నాటి ప్రభుత్వ రికార్డుల కోసం చెన్నై ఎగ్మోర్‌లోని తమిళనాడు ఆర్కైవ్స్‌కు వెళ్లాలి. 1873లో బాస్వెల్ రాసిన నెల్లూరు జిల్లా మాన్యువల్‌తో మొదలుపెట్టవచ్చు. ఇదివరకు ఎవరేం రాశారో తెలుసుకోవడానికి శోధగంగ ఉంది. ఆమోదం పొందిన థీసిస్‌ల ఎలక్ట్రానిక్ ప్రతులను విశ్వవిద్యాలయాలు అందులో పెట్టాలి. మీ అంశం మీద ఇప్పటికే పది థీసిస్‌లుంటే భయపడనక్కర్లేదు. పదిమందీ అడగనిదేమిటో అందులోనే దొరుకుతుంది.

భాషల విషయంలో ఈ తీరం వాళ్లకు బయటివాళ్లకు లేని వెసులుబాటు ఉంది. పట్టపు ఇళ్లలో తమిళం కలిసిన మాట వినిపిస్తుంది. యానాదుల యాస వేరు. రొయ్యల రైతు కౌంటు, సీడు, మేత అని మాట్లాడితే ఢిల్లీ నుంచి వచ్చిన పరిశోధకుడికి ఎవరో ఒకరు విడమరచి చెప్పాలి. మనకక్కర్లేదు. అయితే ఇక్కడే జారే చోటూ ఉంది. మన ఊరే కదా అని అడగకుండానే అన్నీ తెలుసనుకుంటాం. తెలిసిన ఊళ్లో తెలియనివాడిలా కూర్చుని వినడం ఫీల్డ్‌వర్క్‌లో కష్టమైన భాగం.

ఆఖరి మెట్టు

రాత పూర్తయ్యాక విభాగంలో అందరి ముందూ ఒకసారి వినిపించాలి. సాఫ్ట్‌వేర్‌తో కాపీ పరీక్ష చేస్తారు. 2018 నాటి యూజీసీ నిబంధనల ప్రకారం పోలిక 10 శాతం లోపుంటే చర్య లేదు. 40 శాతం దాకా ఉంటే ఆరు నెలల్లోపు దిద్ది మళ్లీ ఇవ్వాలి. 60 శాతం దాకా ఉంటే ఏడాది పాటు సవరించిన ప్రతి సమర్పించనివ్వరు. అంతకు మించితే రిజిస్ట్రేషనే రద్దవుతుంది. ఇతరుల చేత రాయించి తెచ్చే థీసిస్‌ను మాత్రం ఏ సాఫ్ట్‌వేరూ పట్టుకోదు. దాన్ని వైవాలో మంచి పరీక్షకుడు రెండు ప్రశ్నల్లో పట్టుకోగలడు.

థీసిస్‌ను గైడు కాకుండా కనీసం ఇద్దరు బయటి పరీక్షకులు చదవాలి. వాళ్లు ఆ విశ్వవిద్యాలయంలో పనిచేసేవారై ఉండకూడదు. వీలైతే ఒకరు విదేశం నుంచి ఉండవచ్చు. ఒకరు వద్దంటే మూడోవారికి పంపుతారు. ఆయనా వద్దంటే థీసిస్ తిరస్కరించినట్టే. అందరూ సరేనంటే బహిరంగ వైవా. సమర్పణ నుంచి వైవా దాకా ఆరు నెలల్లో ముగించాలని నిబంధన.

విదేశాల్లో పద్ధతి కొంత వేరు. అమెరికాలో డిగ్రీ తర్వాత నేరుగా చేరవచ్చు. మొదటి రెండేళ్లు దాదాపు తరగతులే. అంతర్జాతీయ సంబంధాలు, తులనాత్మక రాజకీయాలు, రాజకీయ సిద్ధాంతం, గణాంక పద్ధతులు గట్టిగా చెబుతారు. తర్వాత సమగ్ర పరీక్ష పెడతారు. అది దాటితేనే థీసిస్ ప్రతిపాదన. మొత్తం అయిదారేళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. బ్రిటన్‌లో దరఖాస్తు నాటికే ప్రతిపాదన చేతిలో ఉండాలి. తరగతులు తక్కువ, మూడు నాలుగేళ్లలో థీసిస్, ఆ వెంటనే వైవా. రెండుచోట్లా ప్రవేశం ఇచ్చేవాళ్లు వెతికేది ఒక్కటే: ఈ విద్యార్థి దగ్గర మాకు తెలియని విషయం ఏముంది? నెల్లూరు తీరం గురించి స్పష్టమైన ప్రశ్న అడిగిన దరఖాస్తు అక్కడ తేలిపోదు.

పట్టా వచ్చాక ఉద్యోగం మాటేమిటి? 2023 జూలై నుంచి అసిస్టెంట్ ప్రొఫెసర్ కావడానికి నెట్, సెట్, స్లెట్ కనీస అర్హత. పీహెచ్‌డీ ఐచ్ఛికం. ఉద్యోగం కోసమే అయితే నెట్ చాలు. అందుకే ఇప్పుడు డాక్టరేట్‌కు వచ్చేవాళ్లు ఎందుకు వస్తున్నారో తమకు తాము చెప్పుకోగలగాలి. కంచ ఐలయ్య బుద్ధుడి రాజకీయ తత్వం మీద చేసిన పీహెచ్‌డీ తర్వాత పుస్తకమై వెలువడింది. పేరు ముందు రెండక్షరాల కోసం రాసిన థీసిస్‌లు వైవా మర్నాడే బీరువా చేరతాయి.

విశ్వవిద్యాలయాలు కూడా ఒక పని చేయాలి. ఈ జిల్లా మీద ఇంగ్లిష్‌లో వచ్చిన ప్రతి థీసిస్‌కూ ఇరవై పేజీల తెలుగు సారాంశం రాయించి, ఆ మండలం గ్రంథాలయంలో పెట్టించాలి. తమ గురించి ఏం రాశారో తీరంలోని జువ్వలదిన్నె వాళ్లకూ దూబగుంట వాళ్లకూ తెలియాలి. తప్పు రాస్తే అడిగే హక్కు వాళ్లకుండాలి.

దరఖాస్తు పెట్టే ముందు మీరు చేయగల పరీక్ష ఒకటుంది. దానికి ఫీజు లేదు. మీ ప్రశ్నను ఒక్క తెలుగు వాక్యంలో రాసి, అది ఎవరి గురించో వాళ్లకే చదివి వినిపించండి. గుంట గట్టు మీద రైతుకో, పాళెంలో పెద్దకాపుకో, సారా కొట్టు మూయించిన అవ్వకో. విని తలూపి వెళ్లిపోతే ఆ ప్రశ్న ఇంకా పదును పట్టాలి. "అట్టా కాదబ్బయ్యా, అసలు జరిగిందేందంటే" అని కూర్చుని వాదనకు దిగితే, ఆర్‌సెట్ ఫారం నింపండి.